సగంపూట లోకల్ ట్రిప్ గారికి

అయ్యా ట్రిప్ గారూ,

కొండ దిగిన జనాన్ని, గుండుకు పూసిన గంధం ఆరకముందే బండెక్కిస్తారు. తిరుచానూరు, కపిలతీర్థం, శ్రీనివాసమంగాపురం, కాళహస్తి, 'టైముంటే' చంద్రగిరి. ఆ 'టైముంటే' అన్న మాట కనిపెట్టినోళ్లకు శాలువా కప్పాల. కాళహస్తి పోనుపోనే 36 కిలోమీటర్లు. బండిలో ఒక్కరు రాహుకేతు పూజ టికెట్టు తీసుకున్నా తక్కినోళ్లంతా చెప్పుల దగ్గర కాపలా. ఇంక మిగిలేదేంది, డ్రైవరు విసుగా?

చంద్రగిరిలో మీరిచ్చేది పావుగంట. రాజమహల్ ముందు ఫొటో దిగే లోపల హారన్ మోగుతుంది. మూడంతస్తుల ఆ మహలును రాయి, ఇటుక, సున్నంతో లేపినారు, కలప వాడలా. లోపలికి పోయి తలెత్తితే కదా, కప్పు కింద దూలమే లేదని తెలిసేది! 1639లో మద్రాసు స్థలం ఇంగ్లీషోళ్ల చేతికి పోయిన కథలో ఈ చంద్రగిరి రాజుల పేరుంది. చెన్నై బ్యాచ్‌కు కూడా ఆ ముక్క చెప్పరే! పైగా శుక్రవారం పూట తీసుకుపోతారు. మ్యూజియానికి ఆరోజే సెలవు.

గుడిమల్లం అయితే మీ లిస్టులోనే లేదు. కాళహస్తికి పోతా ఏర్పేడు మండలంలోంచే కదయ్యా పోతారు! పాపానాయుడుపేట పక్కకు తిప్పితే వచ్చే పల్లె. అయిదడుగుల లింగం, దాని ముందు మరుగుజ్జు భుజాల మీద నిలబడిన శివుడు. కుడిచేత వెనక కాళ్లు పట్టి వేలాడదీసిన పొట్టేలు, ఎడమచేత చిన్న కుండ, భుజాన గొడ్డలి. ఒంటిమీద జంధ్యం లేదు, ఈ మాట ఎందరో పండితుల్ని తిప్పలు పెట్టింది. క్రీస్తుకు పూర్వానిదని చాలామంది అంటారు, ఏ శతాబ్దమో మాత్రం ఇంకా తేలలా. గర్భగుడి మంటపం కంటే పల్లంలో ఉంటుంది, గడప దగ్గర కాస్త వంగి చూడాల. పూలు దండిగా వేసుంటే మరుగుజ్జు వాటి చాటుకు పోతాడు.

కమీషనిచ్చే చీరల కొట్టు లేదని ఆ పక్కకు పోరో ఏమో, ఒక్కసారి వరస మార్చి చూడండి. చిన్న గుళ్లు మధ్యాహ్నం మూసేస్తారు, కాబట్టి పొద్దున్నే గుడిమల్లం. కాళహస్తి మధ్యాహ్నం కూడా తెరిచే ఉంటుంది, అది తర్వాత. చంద్రగిరి ఇంకోరోజు, శుక్రవారం కాకుండా. మిట్టమధ్యాహ్నం రాతి నేల మీద వట్టికాళ్లతో నడిపించబాకండి, పిల్లోళ్లు గంతులేస్తారు.

ఇట్లు,
తిరుపతి వాసులు