ఎక్స్‌రే బాగుందని ఊరుకున్నాం

ఎముకకు చీము పట్టడం గురించి రాసిన ఈ వ్యాసంలో జ్వరం, నొప్పి ముఖ్య లక్షణాలన్నారు. షుగర్ వల్ల పాదాలు మొద్దుబారినవాళ్లకు ఆ రెండూ లేకపోవచ్చు, ఆ ముక్క కూడా రాయాల్సింది. గాజువాకలో ఉండే మా నాన్నకు చెప్పు కరిచి బొటనవేలి పక్కన పుండు పడింది. నొప్పి లేదు, జ్వరం లేదు. వీధి చివర క్లినిక్‌లో ఎక్స్‌రే తీసి ఎముక బాగుందన్నారు. మొదటి రెండు వారాలు ఎక్స్‌రేలో తేడా కనిపించకపోవచ్చని మాకేం తెలుసు? వేలు ఎర్రగా ఉబ్బింది, రోజూ సాక్సుకి పసుపు మరక. చివరికి ఇంకో డాక్టరు సన్నటి స్టీలు పుల్ల పుండులోకి పోనిస్తే టక్కున ఎముకకు తగిలింది. పక్కనున్న నాకు ఒళ్లు జలదరించింది, నాన్న మాత్రం కాఫీ ఎప్పుడిస్తావని అడుగుతున్నాడు! ఎముకకు చీము పట్టిందని ఎంఆర్‌ఐలో తేలిపోయింది. ఆపరేషన్ చేసి చచ్చిన ఎముక తీశారు. పుండు పైన తుడిచి కాకుండా, ఎముక ముక్కనే కల్చర్‌కి, అంటే ఏ క్రిమో తేల్చే పరీక్షకి పంపారు. ఇలాంటి కేసుల్లో ఎక్కువగా కనిపించే స్టెఫైలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియానే వచ్చింది. దానికి తగ్గ యాంటీబయాటిక్ 6 వారాలు. మూడో వారానికే పైన చర్మం మూసుకుందని మాత్రలు మానేస్తానని ఒకటే గొడవ. ఆ టెన్షన్ ముందు ఆపరేషన్ నయం.