సవరణ: ఖవ్వాలీలో ప్రియుడు ఎవరు?

ఖవ్వాలీలో (సూఫీ దర్గాల్లో పాడే భక్తి పాటల్లో) ప్రియుడు అన్న చోటల్లా దేవుడనే అనుకోవాలి అన్న నా పాత పోస్టులోని వాక్యాన్ని ఇలా మార్చి చదవండి: దేవుడు కావచ్చు, గురువు కావచ్చు, మామూలు మనిషీ కావచ్చు. కవి అమీర్ ఖుస్రో పేరుతో పాడే హిందవీ (హిందీ, ఉర్దూల పాత రూపం) పాటలు కొన్నిట్లో గొంతు ఆడమనిషిది, ఆమె మనసు దోచుకున్నది మాత్రం ఖుస్రో గురువు, సూఫీ సాధువు నిజాముద్దీన్ ఔలియా (గురుశిష్యులిద్దరూ 1325లోనే పోయారు, సమాధులూ ఢిల్లీలో ఒకే దర్గాలో ఉన్నాయి).

ఖవ్వాలీలో పాడే స్తుతుల్లో హమ్ద్ దేవుడికి, నాత్ మహమ్మద్ ప్రవక్తకి, ఇందులో గొడవేం లేదు. చిక్కంతా గజల్ (ప్రేమ కవిత) దగ్గరే. మద్యం, కురులు, విరహం అన్నీ వస్తాయి, ఎవరి కోసమో కవి చెప్పడు, ఖవ్వాల్ (ఖవ్వాలీ పాడేవాడు) తేల్చడు, పైగా వినేవాళ్లలో ఎవరైనా ఒక పాదం దగ్గర కదిలిపోతే దాన్నే తిప్పి తిప్పి పాడతాడు, మధ్యలో ఇంకో కవి షేర్ (రెండు పాదాల పద్యం) తెచ్చి అతికిస్తాడు. ఉర్సులో (సూఫీ సాధువు వర్ధంతికి దర్గాలో జరిగే ఉత్సవంలో) భక్తిగా విన్న గజలే పెళ్లిలో ప్రేమగా వినిపిస్తుంది. సినిమా ఖవ్వాలీలు వేరే లెక్క, వాటిని ఇందులో కలపొద్దు.