ధర ఇటుకకా, కాగితానికా?

1966లో అమెరికన్ శిల్పి కార్ల్ ఆండ్రే 120 ఇటుకల్ని రెండు పొరలుగా నేలమీద పేర్చి, ఇదే శిల్పమన్నాడు. ఎవరూ కొనలేదు. ఇటుకలు వచ్చిన చోటికే తిరిగి వెళ్లిపోయాయి. ఆరేళ్లకు లండన్‌లోని టేట్ గ్యాలరీ ఆ శిల్పమే కావాలని కబురంపింది. పాత ఇటుకలు ఎక్కడివి? బట్టీయే మూతపడింది. ఆండ్రే వేరే ఇటుకలు కొని పంపాడు, టేట్ రెండు వేల పౌండ్లకు పైగా చెల్లించింది.

1976లో సంగతి బయటికి పొక్కి బ్రిటిష్ పత్రికలు దుమ్మెత్తిపోశాయి. ఒకాయనైతే వెళ్లి వాటిమీద నీలిరంగు పోశాడు. ‘మా బుడ్డోడూ పేరుస్తాడు’ అన్నది అప్పుడూ ఇప్పుడూ వినిపించే మాటే. నాకు ఆ మాటతో పేచీ ఉంది. బుడ్డోడు పేర్చగలడు, కానీ పేర్చాలని వాడికి తోచలేదు. 1915లో రష్యన్ చిత్రకారుడు మాలెవిచ్ నల్లటి చదరం గీసి గోడకెక్కించడానికి గుండె ధైర్యం కావాలి. కథ వద్దు, ఆవేశం వద్దు, ఎదురుగా ఉన్న వస్తువును వస్తువుగా చూడండి అన్న ఆండ్రేలాంటి మినిమలిస్టుల మాటా ఉత్తదేం కాదు. మెప్పు ఇద్దాం.

ధర దగ్గరే తిరకాసు. ఇటుకలు మారినా శిల్పం మారలేదంటే టేట్ కొన్నదేమిటి? ‘ఇది ఆండ్రేది’ అన్న మాటను. ఈ కిటుకు పట్టుకున్నవాడు ఇటలీ కళాకారుడు మౌరిజియో కాటెలాన్. ఆయన మినిమలిస్టేం కాదు, ఆ బడి పాఠం వంటబట్టినవాడు. 2019లో మయామీలో గోడకు టేపుతో అరటిపండు అంటించి లక్షా ఇరవై వేల డాలర్ల ధర పెట్టాడు. 2024 నవంబరులో సోథెబీస్ వేలంలో దానికి 62 లక్షల డాలర్లు పలికింది. కొన్నాయన పండు తినేశాడు. నష్టమేమీ లేదు, ఇంకో పండు అంటించుకోవచ్చు. ఇది కాటెలాన్‌దేనన్న ధ్రువపత్రం చేతిలో ఉంది కదా! మన భాషలో చెప్పాలంటే, పొలం లేని పాస్‌బుక్.

మన దేశపు చిత్రకారుడు గాయ్‌తోండే సంగతి వేరంటారు. నిజమే, రంగు మీద రంగు రోలరుతో పరిచి, గీకి, ఏడాదికి కొద్ది కాన్వాసులు మాత్రమే పూర్తిచేసిన చెయ్యి అది. కానీ ఆయన 1961 నాటి చిత్రానికి దాదాపు 40 కోట్ల రూపాయలు పలికింది 2021లో. ఆయన పోయి అప్పటికి దాదాపు ఇరవయ్యేళ్లు. ఆ సొమ్ము ముట్టింది అమ్మినవాళ్లకు.

నాకెందుకో ఇటుకల కథ చదివినప్పుడల్లా తెలంగాణలోని చేర్యాల గుర్తొస్తుంది. అక్కడి చిత్రకారులైన నకాషీలు ఖద్దరు గుడ్డకు చింతగింజల అంబలి, తెల్లమట్టి పట్టించి, ఎర్రటి నేపథ్యం మీద గజాల కొద్దీ కథ బొమ్మలు గీసేవారు. కూనపులివాళ్లు ఆ పటం విప్పి పద్మశాలీల వాడల్లో మార్కండేయ పురాణం చెప్పేవారు. చిరిగిపోయిన పటాన్ని నీళ్లలో కలిపి, మళ్లీ కొత్తది గీయించుకునేవారు. అక్కడా గుడ్డ మారేది, కథ మారేది కాదు. గీసినవాడు సంతకం పెట్టలేదు, ఎవరూ ధ్రువపత్రం రాయించుకోలేదు. ఆ ఇళ్లలోని చేతులే ఇప్పుడు పొట్టకూటికి రంపపు పొట్టుతో మాస్కులు చేస్తున్నాయి, కీచైన్లకు రంగులేస్తున్నాయి.