అయిదో అంతస్తు అన్నదాత

మా అపార్ట్‌మెంట్ అయిదో అంతస్తులో ఓ రైతు ఉన్నారు. రిటైరైన పెద్ద ఆఫీసరుగారు. మొన్న లిఫ్టులో కనబడి, "ఇదివరకు ఖాతాలో పడే రైతు సాయంలో సగం కూడా పడలేదండీ. ఈ రాష్ట్రంలో రైతును పట్టించుకునే నాథుడే లేడు" అని నిట్టూర్చారు. ఓ చేతిలో కుక్క గొలుసు, ఇంకో చేతిలో కారు తాళాలు. కన్నీళ్లు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు పాపం.

2018 మేలో హుజూరాబాద్‌లో తెలంగాణ ప్రభుత్వ పంట పెట్టుబడి సాయం, రైతుబంధు మొదలైనప్పటి నుంచీ ఆయన రైతే. పంటకు ఎకరానికి 4 వేలు, తర్వాత 5 వేలు. ఎన్ని ఎకరాలున్నా ఇబ్బంది లేదు, పరిమితి పెట్టలేదు. అక్కర్లేనివాళ్లు స్వచ్ఛందంగా వదులుకోండని అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ పిలుపిచ్చారు. మా ఆఫీసరుగారు ఆ పిలుపు విని ఛానెల్ మార్చారు.

ఆయన సేద్యం చూసి తీరాలి. కొంత గుట్ట, కొంత వెంచర్. పంటల నమోదుకు ఏఈవో (వ్యవసాయ విస్తరణ అధికారి) ఆ గుట్ట దగ్గరికే వెళ్లి ఉంటే ఎలా ఉండేదా అని నేను తరచూ ఊహించుకుంటాను.

"ఏం పంట సార్?"

"బండ."

"ఏ రకం?"

"గ్రానైటు. దీర్ఘకాలిక రకం."

"చీడపీడలు?"

"క్రషర్ వాళ్లు అప్పుడప్పుడూ వచ్చి చూసి పోతున్నారు."

"మరి ఈ పక్క చెలకలో?"

"నంబరు రాళ్లు. సాళ్లు తప్పకుండా నాటించాం. దిగుబడి గజాల్లో."

కోతుల బెడద లేదు, కరెంటు కోత భయం లేదు, యూరియా కోసం చెప్పులు లైన్లో పెట్టే ఖర్మ లేదు. ఇలాంటి ఆదర్శ సేద్యానికి వెళ్లిన సొమ్ము 20 వేల కోట్ల పైమాటేనని 2024 డిసెంబరులో ప్రభుత్వమే అసెంబ్లీలో చెప్పింది. ఆ మర్నెల రిపబ్లిక్ డే నాడు రైతుబంధు స్థానంలో రైతు భరోసా వచ్చింది. పంటకు 6 వేలు; గుట్టలకు, వెంచర్లకు, రోడ్లకు కోత. ఆఫీసరుగారి శోకానికి అదీ కారణం. గుట్ట అనాథ అయిపోయింది.

మిగిలింది వరి మడి. దానికి డబ్బులు పడుతున్నాయి, ఆయనకే. ఆ మడిలో ఆయన కాలు పెట్టగా చూసినవాళ్లు లేరు. దున్నేది కౌలుదారు. నాట్లు, మందులు, కోత మిషను కిరాయి అన్నీ అతనివే. అప్పు కూడా. వడగళ్లు పడితే ఆ నష్టమూ అతనిదే. కౌలు మాత్రం ముందే కట్టాలి.

2023 ఎన్నికల్లో కాంగ్రెస్ కౌలు రైతుకూ ఎకరానికి ఏడాదికి 15 వేలంది. గెలిచాక పట్టాదారుకు 12 వేలు, కౌలుదారుకు గుండుసున్నా. అంతకుముందున్న కేసీఆర్ ప్రభుత్వం వాళ్లేమైనా తక్కువ తిన్నారా? భూమి రికార్డు పహాణీలో, సాగు చేసేవాడి పేరు రాసే అనుభవదారు కాలమ్‌నే లేపేశారు. సాగుదారుకు గుర్తింపు కార్డివ్వాలని 2011లో చేసిన చట్టం ఇప్పటికీ ఉంది, చెదలు పట్టకుండా.

ఇక్కడ నాకు నవ్వు రావడం లేదు. పాస్‌బుక్ ఉన్న రైతు చనిపోతే రైతుబీమా కింద ఇంటికి 5 లక్షలొస్తాయి. మంచిదే, రావాలి. అదే కౌలుదారు పంట పోయి, అప్పులాళ్లకు మొహం చూపించలేక పురుగుల మందు తాగితే అతని పెళ్లానికి ఆ బీమాలో పైసా లేదు. ఏమ్మా, మీ ఆయన రైతని రుజువేంటి? చేలో దొరికిన డబ్బా చాలదా సార్? దాని మీద సర్వే నంబరు కూడా రాసుండాలా?

ఏ మడిని ఎవరు దున్నుతున్నారో ఊళ్లో బడికెళ్లే పిల్లాణ్ణి అడిగినా చెబుతాడు. అడగరు. అడిగితే పేరు రాసుకోవాలి, రాసుకుంటే డబ్బులివ్వాలి, ఇస్తే పట్టాదారుకు కోపమొస్తుంది. ఊళ్లో ఓట్లేయించేది పట్టాదారే. ఇక కౌలుదారంటారా, వచ్చే ఏడు పొలం ఇంకొకడికి ఇచ్చేస్తారేమోనని అతను నోరు మెదపడు.