గడియారం తప్పు కాదట, నాదేనట

ఇప్పుడే మెజెస్టిక్ రైల్వే స్టేషను నుంచి ఇంటికి వచ్చాను. మామగారు స్నానానికి వెళ్లారు. ఆయన బయటికి వచ్చేలోపే ఇది రాసేయాలి, లేకపోతే ఈ కోపం ఉప్మాతో పాటు కడుపులోకి పోతుంది.

మా మంచం పక్కన ఒక గడియారం ఉంది. ఉత్త గడియారం అంటే దానికి అవమానం. న్యూజెర్సీలో ఉండే మా తోడల్లుడు జూలైలో వచ్చినప్పుడు ఇచ్చి వెళ్లిన మహాయంత్రం అది. రెండు అలారాలు, రేడియో, ఫోను చార్జింగుకు చోటు, గదిలో ఎంత వేడి ఉందో చెప్పే అంకె, లేచే ముందు మెల్లమెల్లగా వెలిగే దీపం, పడుకునేటప్పుడు సముద్రపు హోరు, పిట్టల కూతలు, వాన చప్పుడు. బెంగళూరులో ఉండేవాడికి వాన చప్పుడు డబ్బాలో పెట్టి ఇచ్చారు, చూడండి! ఇన్ని ఉన్నాయి కానీ, నాలుగు ముప్పావుకు లేపమంటే నాలుగు ముప్పావుకు లేపదు.

ఈ రోజు నవంబరు మొదటి ఆదివారం. తెల్లవారుజామున రెండింటికి అమెరికా వాళ్లు గడియారాలు గంట వెనక్కి తిప్పుకుంటారు. మార్చి రెండో ఆదివారం మళ్లీ గంట ముందుకు. వాళ్ల సూర్యుడు, వాళ్ల ఇష్టం. మారతహళ్లిలో నా దిండు పక్కన ఉన్నదానికి ఆ పూనకం ఎందుకు? టైము నా చేత్తో నేనే పెట్టాను, మన టైమే పెట్టాను. దాని టైముల జాబితాలో అలాస్కా ఉంది, హవాయి ఉంది, నూట నలభై కోట్ల మందిమి మనం లేము. మన దేశపు టైముకు ఆధారమైన 82.5 డిగ్రీల రేఖ మా కాకినాడ పక్క నుంచే పోతుందని సోషల్ మాస్టారు చెప్పిన రోజు, దేశానికంతటికీ టైము మేమే పంచుతున్నట్టు ఛాతీ విరుచుకుని ఇంటికి వెళ్లినవాణ్ణి నేను. అలాంటి నాకు రాత్రికి రాత్రి, తనంతట తానే వెనక్కి తిరిగి గంట ఎగ్గొట్టింది.

కాచిగూడ రైలు ఆరింటికి వస్తుంది. అలారం మోగింది, బుద్ధిమంతుడిలా లేచాను. కిటికీ దగ్గర వెలుతురు కనిపిస్తే గడియారం దీపం అనుకున్నాను. అంత బాగా వెలుగుతుంది మరి! డికాక్షన్ దిగేదాకా తీరిగ్గా నిలబడ్డాను. హాల్లో ఫోను మోగింది (పడకగదిలోకి ఫోను రాకూడదని మా ఆవిడ శాసనం, ఇక ఆ చార్జింగు చోటు ఎవరికోసమో అడగకండి). "అల్లుడుగారూ, దిగాము" అన్నారు మామగారు. గదిలోకి తొంగి చూస్తే గడియారంలో అయిదూ అయిదు. "రైలు గంట ముందే వచ్చేసిందా మామగారూ?" అని అడిగాను. నోటితో అడిగాను. మన దేశంలో రైలు గంట ముందు రావడం సాధ్యమని నమ్మాను కానీ ఈ అమెరికా డబ్బాను అనుమానించలేదు.

స్టేషను చేరేసరికి ఏడు దాటింది. అత్తగారు ఆవకాయ డబ్బా ఒళ్లో పెట్టుకుని పెట్టె మీద కూర్చున్నారు. మామగారు మణికట్టు చాపి తన హెచ్‌ఎంటీ చూపించారు. ఈ ఊళ్లోనే 1961లో జపాన్ సిటిజన్ వాళ్ల సాయంతో మొదలైన ఫ్యాక్టరీ. దాన్ని మూసేశారు లెండి, అది ఇంకో ఏడుపు. రోజూ కీ ఇస్తే చాలు, దానికి సముద్రమూ అక్కరలేదు, పిట్టలూ అక్కరలేదు. జరిగింది చెప్పాను. పూర్తిగా విన్నారు. విని, "పెద్దల్లుడు అంత మంచి గడియారం ఇచ్చినా లేవలేకపోయారా?" అన్నారు.

మూడేళ్ల క్రితం ఆ పెద్దల్లుడే 120 వోల్టుల రైస్ కుక్కర్ పంపాడు. హైదరాబాదులో మామగారే దాన్ని 230లో పెట్టారు, అన్నం కంటే ముందు పొగ వచ్చింది. "మన కరెంటు మంచిది కాదు" అన్నారప్పుడు. ఆయన రెండు కళ్లకూ శుక్లాల ఆపరేషన్ చేయించింది ఎవరు? రోజుకు నాలుగు సార్లు చుక్కలు వేసింది ఎవరు? కట్టు విప్పగానే ఆయన నోట వచ్చిన మొదటి మాట: "పెద్దల్లుడు వీడియో కాల్ చేశాడా?" ఎదురుగా నేనే నిలబడి ఉన్నాను. స్పష్టంగా కనిపిస్తున్నాను కూడా.

సరే, గడియారం. అంకెలు నీలం. నీలి ఎల్ఈడీ కనిపెట్టినవాళ్లకు 2014లో నోబెల్ ఇచ్చారు, ఇవ్వనివ్వండి. నిద్ర తెచ్చే మెలటోనిన్‌ను బాగా అణిచేసేది ఆ నీలి వెలుగే. దాన్ని తెచ్చి తలకు అడుగు దూరంలో పెట్టాలని తోచిన మహానుభావుడు ఎవరు? నేను రాత్రిళ్లు దానికి పంచాంగం అడ్డం పెడతాను. గదిలో వేడి 77 అంటుంది, మొదటి రాత్రి నిద్రమత్తులో చూసి ఉలిక్కిపడి లేచాను. అది ఫారెన్‌హీటట, మన లెక్కలో హాయిగా 25. రేడియో 103.9 నుంచి 104.1కి గెంతుతుంది, మధ్యలో 104 మీద ఆగమంటే ఆగదు.

అబద్ధం ఎందుకు, పైకప్పు మీద పడే అంకెలు మాత్రం బాగుంటాయి. కళ్లజోడు తీస్తే నాకు మా ఆవిడ ముఖమే సగం కనిపిస్తుంది. పైన మాత్రం జానెడు అంకెలు, మెడ కూడా తిప్పక్కరలేదు. కరెంటు పోతే తెర ఆరిపోతుంది కానీ టైము పోదు, లోపల రూపాయి బిళ్లంత 2032 నంబరు బ్యాటరీ కాపలా కాస్తుంది. కాపలా కాసి, సరిగ్గా మామగారు వచ్చే రోజు తలుపు తీసింది.

వెనక డీఎస్టీ అని ఒక మీట ఉంది, అమెరికా వాళ్లు గంట ముందుకూ వెనక్కీ తిప్పుకునే పద్ధతికి పొట్టి పేరు అది. ఇందాకే కాగితం తీసి చదివాను. దాన్ని నొక్కి పట్టుకుంటే ఈ గంట తద్దినం శాశ్వతంగా ఆగిపోతుందట.

మామగారు వచ్చేశారు. తల తుడుచుకుంటూ మా ఆవిడతో అంటున్నారు: "రాత్రిళ్లు గోడ గడియారం కనిపించడం లేదమ్మా, ఆ పైకప్పు మీద పడేది మేము తీసుకువెళ్తాం." తప్పకుండా తీసుకువెళ్లండి మామగారూ అన్నాను. గంట సరిచేశాను, అద్దం తుడిచాను, పెట్టెలో సర్దుతున్నాను. ఆ మీట జోలికి మాత్రం వెళ్లలేదు. మార్చి రెండో ఆదివారం ఎంతో దూరం లేదు.