నెపం అగ్నిపర్వతాల మీదికి నెట్టే మెసేజ్

వాతావరణ మార్పు మీద చర్చ ఎక్కడ మొదలైనా ఒక ఫార్వర్డ్ వచ్చి పడుతుంది. దాని సారాంశం ఇది: 1991లో ఫిలిప్పీన్స్‌లో పేలిన పినాటుబో అగ్నిపర్వతం ఒక్కటే, మనిషి పుట్టినప్పటి నుంచి వదిలిన దానికంటే ఎక్కువ కార్బన్ డయాక్సైడ్ వదిలేసిందట. సముద్రం అడుగున ఉన్న అగ్నిపర్వతాలను శాస్త్రవేత్తలు లెక్కలోకే తీసుకోరట. పైగా గాలిలో కార్బన్‌ను కొలిచే కేంద్రాన్నే ఓ అగ్నిపర్వతం మీద పెట్టారట. అలాంటప్పుడు కార్ల మీద, కరెంటు ప్లాంట్ల మీద పడి ఏడవడం ఎందుకని చివర్లో ఓ ప్రశ్న. వింటే నిజమే కదా అనిపిస్తుంది. అంకెలు పక్కపక్కన పెట్టి పోల్చి చూస్తే మాత్రం ఒక్కటీ నిలబడదు.

ముందు పినాటుబో సంగతి. ఆ జూన్ 15 నాటి పేలుడులో బయటికొచ్చిన కార్బన్ డయాక్సైడ్ సుమారు 5 కోట్ల టన్నులని అమెరికా భూగర్భ సర్వే సంస్థ అంచనా. బొగ్గు, చమురు, గ్యాస్ కాల్చడం వల్ల, సిమెంటు తయారీ వల్ల మనుషులు ఇప్పుడు ఏడాదికి వదులుతున్నది దాదాపు 3,700 కోట్ల టన్నులు. అంటే రోజుకు 10 కోట్లు. 20వ శతాబ్దంలో రెండో అతి పెద్ద పేలుడు వదిలింది మనకు ఒక పూట లెక్క! మనతో సమానం కావాలంటే ఏటా 700కు పైగా పినాటుబోలు పేలాలి. అన్ని పేలితే ఈ వాదన చేయడానికి ఎవరూ మిగలరు లెండి.

ఇంకో సాక్ష్యం కూడా ఉంది. మెసేజ్ చెప్పిందే నిజమైతే 1991 తర్వాత గాలిలో కార్బన్ డయాక్సైడ్ ఒక్కసారిగా ఎగబాకి ఉండాలి. జరిగింది అందుకు విరుద్ధం. 1992, 93లలో దాని పెరుగుదల వేగం తగ్గింది. పేలుడు వల్ల గాలిలో చేరిన బిందువులతో భూమి కాస్త చల్లబడటం, వాటివల్ల చెదిరిన వెలుతురులో అడవులు ఎక్కువ కార్బన్ పీల్చుకోవడం ఇందుకు కారణాలుగా చెబుతారు.

సముద్రం అడుగు అగ్నిపర్వతాలను వదిలేశారన్న మాట శుద్ధ అబద్ధం. నేల మీదివి, నీటి కిందివి, పేలేవి, పేలకుండా ఊరికే వాయువులు వదిలేవి, కొండ పక్కల మట్టిలోంచి ఊరే వాయువు, అన్నీ కలిపే లెక్క కట్టారు. 2019లో భూగర్భంలోని కార్బన్‌ మీద పనిచేసిన డీప్ కార్బన్ అబ్జర్వేటరీ పరిశోధకులు ఇచ్చిన అంచనా ఏడాదికి 28 నుంచి 36 కోట్ల టన్నులు. మనం వదిలే దాంట్లో నూరో వంతుకు అటూ ఇటూ.

ఈ అంచనాలో అనిశ్చితి లేదని నేను అనడం లేదు. అగ్నిపర్వతాలు వదిలే మరో వాయువు సల్ఫర్ డయాక్సైడ్‌ను కొలవడం తేలిక. అది అతినీలలోహిత కిరణాలను పీల్చుకుంటుంది, మామూలు గాలిలో దాదాపు ఉండదు కాబట్టి ఉపగ్రహం నుంచి కూడా పట్టేయొచ్చు. కార్బన్ డయాక్సైడ్ అలా కాదు. గాలిలో అది ముందే ఉంటుంది కనక, అగ్నిపర్వతం నుంచి వచ్చినదెంతో విడదీయడం కష్టం. అందుకే బిలం అంచుకు పరికరాలు మోసుకెళ్లి, ఆ పొగలో ఈ రెండు వాయువుల నిష్పత్తి ఎంతో చూస్తారు. సల్ఫర్ మొత్తాన్ని ఆ నిష్పత్తితో గుణించి కార్బన్ తేలుస్తారు. కొలతలు లేని అగ్నిపర్వతాలు ఇంకా చాలా ఉన్నాయి. సరే, అంచనా పదింతలు తక్కువగా వేశారనే అనుకుందాం. అప్పుడు కూడా అది మన వాటాలో పదో వంతు దాటదు.

అసలు లెక్కలతో పని లేకుండానే ఎవరు వదిలారో గాలే చెబుతుంది. బొగ్గు, చమురు ఒకప్పటి జీవరాశి అవశేషాలు కాబట్టి వాటిలో కార్బన్-13 (కార్బన్‌లో కాస్త బరువైన రకం) వాటా తక్కువ. భూగర్భం నుంచి వచ్చే వాయువులో అంత తక్కువ ఉండదు. గాలిలో కార్బన్-13 వాటా ఏటికేడు పడిపోతోంది. దాంతోపాటు ఆక్సిజన్ కూడా కొద్దికొద్దిగా తగ్గుతోంది. దేన్నైనా కాలిస్తే ఆక్సిజన్ ఖర్చవుతుంది. అగ్నిపర్వతం కార్బన్ డయాక్సైడ్‌ను తయారుగానే బయటికి పంపుతుంది, దానికి గాలిలోని ఆక్సిజన్ అక్కర్లేదు. నా దృష్టిలో ఈ మెసేజ్‌కి ఇంతకంటే గట్టి జవాబు లేదు.

హవాయిలోని మౌనా లోవా కొలతల కేంద్రం అగ్నిపర్వతం మీదే ఉంది, నిజమే. 1958లో కొలతలు మొదలుపెట్టిన చార్లెస్ కీలింగ్‌కి ఆ సంగతి తెలీదనుకోవాలా? బిలాల వైపు నుంచి గాలి వీచినప్పుడు రీడింగులు ఎగిరెగిరి పడతాయి, వాటిని వేరు చేసి పక్కన పెడతారు. దక్షిణ ధ్రువంలో, దగ్గర్లో ఏ పొగా లేని ఇతర కేంద్రాల్లో గీసిన గీత కూడా అదే వాలుతో పైకి పోతోంది.

అగ్నిపర్వత వాయువులు హాని చేయవని చెప్పడం నా ఉద్దేశం కాదు. మెసేజ్ వాటిలో తప్పు వాయువును పట్టుకుందంతే. 1783లో ఐస్‌లాండ్‌లో లాకి పగులు తెరుచుకుని ఎనిమిది నెలల్లో సుమారు 12 కోట్ల టన్నుల సల్ఫర్ డయాక్సైడ్ వదిలింది. గడ్డి మీద ఫ్లోరిన్ పేరుకుని సగానికి పైగా పశువులు చచ్చాయి. ఆ తర్వాతి కరువులో జనాభాలో ఐదో వంతు దాకా పోయింది. కార్బన్ డయాక్సైడ్ కూడా ఒకచోట పోగుపడితే ప్రాణాలు తీస్తుంది. 1986 ఆగస్టులో కామెరూన్‌లో అగ్నిపర్వత బిలంలో ఉన్న న్యోస్ సరస్సు నుంచి ఉప్పొంగి లోయల్లోకి పాకిన ఆ వాయువు సుమారు 1,700 మందిని బలితీసుకుంది. అయితే ఒక లోయను ఊపిరాడకుండా చేయడం వేరు, భూగోళం మొత్తాన్ని వేడెక్కించడం వేరు.

వాతావరణం విషయంలో పెద్ద పేలుడు చేసే పని చాలావరకు చల్లబరచడమే. పినాటుబో పంపిన దాదాపు 1.5 నుంచి 2 కోట్ల టన్నుల సల్ఫర్ డయాక్సైడ్ స్ట్రాటోస్ఫియర్‌లో (మేఘాలకు పైనుండే గాలి పొర) సన్నని ఆమ్ల బిందువులుగా మారి ఎండను వెనక్కి తిప్పింది. భూమి సగటు ఉష్ణోగ్రత దాదాపు అర డిగ్రీ తగ్గింది. రెండు మూడేళ్లలో ఆ బిందువులు రాలిపోయాయి, పాత వేడి మళ్లీ వచ్చింది.

ఈ మధ్య కొందరు పినాటుబో పేరు తీసేసి పసిఫిక్ ద్వీప దేశం టోంగా పేరు పెడుతున్నారు. 2022 జనవరిలో అక్కడి సముద్రంలో పేలిన హుంగా అగ్నిపర్వతం సల్ఫర్ తక్కువగా, నీటి ఆవిరి ఎక్కువగా పంపిన మాట వాస్తవం. స్ట్రాటోస్ఫియర్‌లోకి సుమారు 15 కోట్ల టన్నుల ఆవిరి చేరింది, అక్కడ అంతకుముందు ఉన్నదాంట్లో అది పదో వంతు. దాని ప్రభావం మీద ఇంకా పరిశోధన నడుస్తోంది. కానీ మౌనా లోవా గీత 1958లో 315 పీపీఎం (గాలిలో పది లక్షల భాగాలకు 315 భాగాల కార్బన్ డయాక్సైడ్) దగ్గర మొదలై, టోంగా పేలేనాటికే 415 దాటింది.