రైజర్ల సంగతేంటి?

సముద్రంలో చమురు, గ్యాస్ తీసే ప్లాట్‌ఫాంల కాళ్లు ఓడ గుద్దినా తట్టుకుంటాయని మీ వ్యాసంలో రాశారు. నిజమే. కానీ 2005 జులై 27న ముంబై తీరానికి దూరంగా సముద్రంలో ఉన్న ముంబై హై నార్త్ ప్లాట్‌ఫాంలో దెబ్బ తగిలింది రైజర్‌కు, అంటే సముద్రగర్భానికీ ప్లాట్‌ఫాంకూ మధ్య చమురు, గ్యాస్ మోసే నిలువు గొట్టానికి. వేళ్లు తెగిన వంటమనిషిని ప్లాట్‌ఫాం మీదికి చేర్చాలని సముద్ర సురక్ష నౌక దగ్గరికొచ్చింది. వానాకాలపు అలల్లో అదుపు తప్పింది. దాని హెలిడెక్ (హెలికాప్టర్ దిగే వేదిక) గ్యాస్ రైజర్‌ను గుద్దింది, మంటలు లేచాయి. రెండు గంటల్లో ప్లాట్‌ఫాం మొత్తం పోయింది. 22 మంది చనిపోయారు, కొందరి ఆచూకీ కూడా దొరకలేదు. అంత గ్యాస్ మోసే గొట్టాలను జాకెట్ (ప్లాట్‌ఫాంను మోసే ఉక్కు చట్రం) బయట, సరుకు దించే చోటికి దగ్గర్లో పెట్టడమే నాకు మింగుడుపడదు. లోపలి నుంచి వేయొచ్చు, కనీసం చుట్టూ ఇంకా గట్టి ఇనుప గార్డులైనా బిగించొచ్చు కదా! మన కేజీ (కృష్ణా-గోదావరి) బేసిన్ ప్లాట్‌ఫాంలలో రైజర్లకు ఎలాంటి రక్షణ ఉందో దయచేసి రాయండి.